కీలులో పోగు

సొహార్ ఆసుపత్రి నేలమాళిగల
సముద్రం వినపడదు.
వినపడేది ఆవిరి. రాత్రంత.

పైన కోస్తరు, కింద నేను కడుగుత.
కోత ఎన్నడు చూడలే.
పళ్లెంల దిగొచ్చినదాన్నే చదువుత:
ఏది ఎంత తడిసింది, ఏది ముట్టనే లేదు.

తిన్నటి కత్తెర్లు దారానికి,
వంకరవి ఒంటికి.
మొదట్ల నవ్విన, గిదేం కత్తెర అని.
మా అమ్మ తునికాకు కోసే కత్తెర
రేకు అంచు పట్టి తిన్నగ పోయేది,
బొటనవేలు దూరే కాడ పాత చీర పేలిక చుట్టి.
ఆకు కింద ఏముంటది, ఇంకో ఆకు.
మనిషి అట్ల కాదు.

థియేటర్ సిస్టర్ షైనీ చూపించింది,
మొన మూసి, తన అరచేతి మీదనే:
చెయ్యి అడ్డం రావొద్దు, కొస కనపడాలె.
అడుగున నరముంటే దీని వీపు తగుల్తది,
పదును కాదు.
మూసి దూర్చి లోపల మెల్లగ తెరిస్తే
పొర దానంతటదే దారిస్తదట.
కోయకుండ పనిచేసే కత్తెర!
ఆ రాత్రి నుంచి దాన్ని ఒక్కటే విడిగ కడుగుత.

శుక్రవారం రెండు దాటినంక
ఓడరేవు పరంజా మీంచి పడినోని పళ్లెం దిగింది.
పేరు లేదు, నంబరు.
లావు వంకర కత్తెర కీలుల,
బ్రష్ పోని సందుల,
ఎర్ర పోగు.

రక్తమనుకున్న. నీళ్లకు పోలే.
కుట్టుదారం నల్లగుంటది, నీలంగుంటది, ఊదాగుంటది.
ఇట్ల ఎర్రగ, మాసి, పేటలు పేటలుగ పేనింది
మొలతాడు ఒక్కటే.

పట్టకారుతో తీసి పచ్చ సంచిల పారెయ్యాలె, రూలు.
పారేసిన.
చేతులు కడుక్కున్న. మళ్ల కడుక్కున్న.
మా దిక్కు మొలతాడు ఎప్పుడు తెంపుతరో
ఇక్కడ ఎవరికి చెప్పాలె?
కత్తెరతోని తడిగుడ్డ కోసి చూసిన.
కొస దాకా తెగింది. పాసు.
నూట ముప్పై నాలుగు డిగ్రీల ఆవిరికి పంపిన.

డ్యూటీ దిగి మూడో అంతస్తుకు పోయిన.
పోవద్దు. పోయిన.
కడుపు నిండ పట్టీలు, ఎండిన పెదాలు.
కండ్లు మూసుకునే
నడుం కాడ చెయ్యి తడుముతున్నది.
"అన్నా" అన్న.
తెలుగు చెవిన పడంగనే గుడ్లురిమిండు:
"ఎవడ్రా నా మొలతాడు కోసింది?
ఇంట్ల నా పెండ్లాం బతికే ఉన్నది!"

నవ్వొచ్చింది. నేను నవ్వితే వానికీ వస్తది,
కుట్లు కదుల్తయి.
కడిగిన చేతులు వెనక పెట్టుకొని
నర్సును నీళ్లడగ పోయిన.
ఇప్పుడే తాగొద్దట.
తడిగుడ్డతోని పెదాలు తుడవాలట, అంతే.