పక్క చాప

నెల్లిమర్లలో జూట్ మిల్లు మూసినప్పుడు
తూకానికి అమ్మేసిన లేతు ఇది.
దీని ముందు నిలబడితే ఇప్పటికీ
గోగునార వాసనొస్తుందంటే ఎవరూ నమ్మరు.
గోడకి లైసెన్సు పటం,
దాని కింద నేను, తవిటినాయుణ్ణి,
ముప్పయ్యొక్క ఏళ్లు రిజర్వు లైన్లలో
తుపాకులకి వైద్యం చేసినవాణ్ణి.

శనివారం మధ్యాన్నం గేదెల హైమ వచ్చింది.
రైఫిలూ దాని కాగితాలూ బల్ల మీద పెట్టి
కాలరు కాస్త పక్కకి లాగింది.
కుడి భుజం మీద
నేరేడుపండు చిదిమినట్టు మచ్చ.
"నలభై గుళ్లు కాలిస్తే
అన్నం ముద్ద నోటికాడికి రావట్లేదు మేస్త్రీ.
దీనికేటి మందు?"

మందుంది.
పళ్లెంలో మూడు మజిల్ బ్రేకులు పెట్టాను.
ఒకదానికి కొర్రమీను మొప్పల్లా
అటూ ఇటూ చీలికలు.
ఒకటి జల్లిగరిటె, చుట్టూ చిల్లులే.
మూడోది తలకాయ పెద్దది, బరువు,
యుద్ధ ట్యాంకు కన్న బిడ్డలా ఉంటుంది.
హైమ చెయ్యి చిల్లులదాని మీదికే పోయింది,
మెరుస్తోంది మరి.
"అదొద్దమ్మా. నువ్వు బోర్లా పడుకుని కాలస్తావు.
కింద చిల్లులుంటే గాలి నేలని తంతాది,
నేలొచ్చి నీ కళ్లలో పడతాది."
మొప్పలది తీసుకుంది.

గొట్టం కొసన మరలు కోశాను.
ఇక్కడ వెంట్రుకలో సగం తేడా వచ్చినా
తూటా అంచుని నాకి పోతుంది,
గురి ఊరవతల పడుతుంది.
సూటి కడ్డీ దింపి వెనక దీపం పెట్టి చూస్తే
చందమామకి వరదగుడి కట్టినట్టు
చుట్టూ సమంగా వెలుగు.
సరే అనుకుని బిగిస్తే
చీలికలు వాలుగా ఆగాయి,
ఒకటి ఆకాశాన్ని చూస్తూ, ఒకటి నేలని.
వాషరు అరగదీసి బిగించి, విప్పి,
మళ్లీ అరగదీసి,
నాలుగోసారికి నీళ్లమట్టంలో బుడగ
మధ్యకొచ్చి కూర్చుంది.

చంపావతి ఒడ్డు రేంజికి నేనూ వెళ్లాను.
మొదటి గుండు.
హైమ లేచి కూర్చుని నవ్వింది.
"ఓలమ్మ! తన్నలేదు మేస్త్రీ,
పెయ్యదూడ మూతితో పొడిసినట్టుంది, అంతే."

పక్క చాప మీద కొత్త కుర్రాడు బెవర తారకేశు
చెవి పట్టుకుని పక్కకి ఒరిగాడు.

దెబ్బ ఎక్కడికీ పోదు.
భుజం దించుకున్న బరువుని
గాలి మోసుకెళ్లి
పక్కోడి గుమ్మంలో పడేస్తుంది.
ఈ మాట నేను ముందే చెప్పాలి.
చెప్పలేదు. బేరం పోతుందని కాదు.
కొంచెం అదీ ఉంది.

మా అయ్య ఆ మిల్లులోనే
మగ్గాల దగ్గర చెవులు పోగొట్టుకున్నాడు.
సంచులు ఎవరివో, బస్తాలు ఎవరివో.
ఆయనకి మిగిలింది ఈగల రొద.
నేనైతే ఎవర్నీ కాల్చలేదు.
కొండల మీంచి తిరిగొచ్చిన రైఫిళ్లు
తెల్లారగట్ల నా బల్ల మీద
వరసగా పడుకునేవి.
గుడ్డపేలిక లోపలికి తోసి లాగితే
ఎన్ని కాల్చారో మసి చెప్పేది.
ఎవర్నో చెప్పేది కాదు.
పేలిక పారేసి, సబ్బుతో చేతులు కడుక్కుని
టీ తాగేవాణ్ణి.
ఎడమ చెవిలో కీచురాయి
అప్పట్నుంచే.

బుధవారం హైమ మళ్లీ వచ్చింది.
విప్పమంటుందేమోనని
పానా తీసి పెట్టుకున్నాను.
"విప్పొద్దు మేస్త్రీ, బాగుంది.
నా చాప మార్పించుకున్నాను,
ఆ చివరాఖరికి, గోడ పక్కకి.
తారకేశుకి చెవుల డొప్పలు కొనిచ్చాను."
టీ ఊదుకుంటూ, ఊరికే అన్నట్టు అంది:
"కాల్చినప్పుడల్లా గోడకి సున్నం రాలతంది."

ఎంత రాలుతుందని అడగాలనుకున్నాను.
లేతు ఆపి, అది పూర్తిగా నిలిచిపోయి,
నా నోట మాట తయారయ్యేసరికి
ఆమె స్కూటీ
మూడు లాంతర్లు దాటిపోయుంటుంది.