యాభై కిలోమీటర్లు నడిచినంక

జడ్చర్ల చౌరస్తా దాటి కల్వకుర్తి రోడ్డు మలుపుల
నా టైర్ల దుకాణం ముందు
పొద్దుగాల్నే ఆగింది రెండు తలుపుల ఎర్ర కారు.
నేలకు గంత దగ్గర కూసున్న బండిని
మా కోడి సుత వంగి చూసింది.

దిగినోడు పర్వతాలు.
ఇరవై రెండేండ్లు బోరుబండి మీద రాడ్లు దించినోడు.
చెవులు సగం మొద్దుబారినయ్,
పక్కన నిలబడ్డా అరుస్తడు:
"మూడో చేతి బండి జహంగీరూ,
పదకొండేండ్లది, పట్నంల కొన్న.
ఇగో, చక్రాలు సుత తెచ్చిన. పద్దెనిమిది ఇంచులు!"
ఇంచులు ఆయనకు కొత్తనా.
ఆరున్నర ఇంచుల బొక్కలనే గద వయసంత జారింది.

జాకీ పెట్టి పాతయి ఊడదీసిన.
అరిగిన టైరును వేళ్లతోని చదువుత నేను.
లోపలంచు నున్నగ, బయటంచు గరుకుగ.
మొదటోడు గుంతల గుద్దిండు,
రెండోడు సరిచేయియ్యక అమ్మిండు.
టైరు చెంప మీద నాలుగంకెలు:
ఏ వారం పుట్టిందో, ఏ ఏడో.
"దీనికే నయం" అన్నడు పర్వతాలు,
"నా పుట్టిన తారీఖు బడి సారు అందాజగ రాసిండు."

కొత్త చక్రం ఎత్తి పెట్టిన.
అయిదు బొక్కలు అయిదు బోల్టులకు కలిసినయ్.
నడిమి బొక్కనే పెద్దది.
హబ్బుకూ చక్రానికీ నడుమ
అగ్గిపుల్ల దూరేంత సందు.
"నట్లు బిగిస్తె ఆగదా?"
ఆగుతది.
ఎనభై దాటినంక స్టీరింగుకు చలిజ్వరం వస్తది.

ఆయన సప్పుడు చెయ్యలే.
చూపుడువేలు గోరు ఆ సందుల పెట్టి చుట్టు తిప్పిండు.
"కేసింగు వంకర దిగితె గిట్లనే"
మొదటిసారి మెల్లగ అన్నడు.
"పైన వెంట్రుకంత.
మున్నూరు ఫీట్ల కింద రాడ్డు విరుగుతది."

లేతు మిషను చెన్నకేశవులు కాడికి పోయినం.
పంపు బుష్షులు చేసే చెయ్యి.
అల్యూమినియం దిమ్మె పట్టి
నాలుగు ఉంగరాలు తిరగేసిండు.
పొట్టు సుట్టలు సుట్టలుగ రాలింది కాళ్ల మీద.
పైసలు వద్దన్నడు.
"మా చెల్కల బోరు నువ్వేసిందే గదనే."
"నీళ్లు పడ్డయా?" నేనడిగిన.
ఇద్దరూ లేతు దిక్కే చూసిన్రు.

మధ్యాహ్నం దాక బ్యాలెన్సింగు,
సీసం ముక్క అంటించుడు, తిప్పుడు, పీకుడు.
స్టీరింగు నిండ తిప్పితె
లోపలి ప్లాస్టిక్కును టైరు గీరింది.
వేడిగాలి కొట్టి అంచును ఎనుకకు ఒత్తిన.
ఒకటిడిసి ఒకటి నట్లు బిగించి చెప్పిన:
"టైరు పల్చటిది. గుంత వస్తె రిమ్మే మొకం పెడ్తది.
యాభై కిలోమీటర్లు నడిచినంక రా,
మల్ల బిగియ్యాలె. ఎటు పోతవ్?"
"అడ్డంగ" అన్నడు.
"ఇన్నేండ్లు నిట్టనిలువు కిందికే పోయిన."

తెల్లారి షట్టరు లేపేసరికి బండి ఉన్నది,
లోపల ఆయన నిద్ర.
యాభై అన్న. మీటరు నూట అరవై చూపెట్టింది.
నల్లటి స్పోకుల సందుల
ఎర్రమట్టి కాదు, రేగడి కాదు,
తెల్లటి రాతిపిండి.
ఎక్కడ్నో బోరు దిగుతున్న కాడ
రాత్రంత బండి ఆపుకొని నిలబడ్డట్టున్నడు.

లేపలే. అడగలే.
పానా పెట్టిన. ఇరవై నట్లల్ల
ఎడమ ఎనుక చక్రానిది ఒక్కటి
ఇంత కదిలింది.