నాలుగు పళ్ళ చెంచా

ఫోన్లో వచ్చింది ఆర్డరు:
ఆరొందల ఫోర్కులు, నర్ది కర్రవి,
నెల్లూరు వీఆర్సీ గ్రౌండుకి, శుక్రవారం లోపల.

చెంచాలయితే కళ్ళు మూసుకుని చెక్కుతా.
గరిటెలు ఈపాటికి
ఉదయగిరి దుర్గమంత కుప్ప చెక్కుంటా.
పళ్ళే కష్టం.
మూడు కోతలు కోస్తే నాలుగు పళ్ళు;
మూడో కోతలో రెండో పన్ను విరిగిందా,
కర్ర పొయ్యిలోకి, కూలి గాల్లోకి.

మా అత్త మస్తాన్‌బీ ఉప్పుకాగితం పడతా నవ్వింది:
"ఏందమ్మే, అల్లా చేతికి అయిదిచ్చినాడే,
వీళ్ళకి నాలుగు చాలంటనా?"

ఆత్మకూరు మీదుగా బస్సు.
ఒళ్ళో గోతం, గోతంలో ఆరొందల చేతులు,
గుంత వచ్చినప్పుడల్లా ఒకదాన్నొకటి గీరుకుంటా.

గ్రౌండులో పదకొండు వ్యాన్లు
పక్క రెక్క పైకెత్తుకుని నిలబడుండాయి.
రెక్క కింద పొయ్యి, పొయ్యి పైన ఊరి పేరు:
రోము, బొలోన్యా, సిసిలీ, పూలియా.
ఊరికో పిండంట, పిండికో ఆకారమంట.
నిన్న సూళ్ళూరుపేట, ఎల్లుండి ఒంగోలు,
మైకులో పిల్లోడు అరస్తానే ఉండాడు.

"మన సేమ్యానే గదబ్బా, ఒళ్ళు చేసింది."
"మణుగుబూలు ఒత్తి, నూనెలో ఎయ్యడం మరిచిపొయ్యారు."
తెల్ల సాసు ముందు ఒక పెద్దాయన
జేబులోంచి కారప్పొడి పొట్లం తీశాడు.
చుట్టూ ఆరు చేతులు చాపారు.

సిసిలీ వాళ్ళు మైపాడు కవళ్ళు తెప్పించి
సోపాకు, ఎండుద్రాక్ష కలిపారు.
చేపల్లో ద్రాక్షేందని సంతపేట ఆమె మూతి తిప్పింది.
తిప్పిన మూతి తుడుచుకుని
మళ్ళీ వరసలో నిలబడింది.

పూలియా వ్యాన్లో పెంచలయ్య. కోవూరోడు.
పదకొండేళ్ళు ఓడ వంటింట్లో చేశాడంట.
పిండి తాడు చేసి, గోరంత ముక్క కోసి,
కత్తి మొనతో బల్ల మీద ఈడ్చి
బొటనవేలి మీద తిరగేస్తే
చెవి.
చెవులనే అంటారంట దాన్ని.
ఆ ఊళ్ళో ఆడోళ్ళు గుమ్మాల ముందు బల్లలేసుకుని
వీధిలోనే కూర్చుని చేస్తారంట రోజంతా,
మాటలు చెప్పుకుంటా, చేతి వైపు చూడకుండా.

నా బొటనవేలు చూసుకున్నా.
కత్తి ఆనే చోట కాయ,
గోరు పక్కన తెల్లటి పాత గాటు.
"వాళ్ళకీ ఉంటాయా?"
"ఉంటాయక్కా. ఒక ముసలామె చూపించింది,
అడక్కముందే."

ముల్లంగాకు, వెల్లుల్లి వేసి చెవులు పెట్టాడు దొప్పలో.
నేను చెక్కిన ఫోర్కుతో నేను తినడం
అదే మొదలు. రాలేదు.
పొడిస్తే చెవి జారింది, ఎత్తితే ఆకు జారింది.
అటూ ఇటూ చూసి చెయ్యి పెట్టేశా.
నాలుగు వేళ్ళు ఎత్తాయి, అయిదోది లోపలికి తోసింది.
చేదుగా ఉంది కాస్త. బాగుంది.

దొప్ప పారెయ్యబోతే, చెత్తబుట్టలో
నా ఫోర్కులు.
ఎర్ర సాసు పూసుకుని, తెల్ల సాసు పూసుకుని,
ఒకటి మీద ఒకటి.
ఒక్కసారి వాడకానికేనంట. నాకెవురు చెప్పారు?
విరిగినవి లేవు.
ముందు అదే చూశా. తర్వాతే కడుపులో కలిక్కుమంది.

కొళాయి కింద కడిగినవి ముప్పై ఎనిమిది.
ఒక చిన్నపిల్ల ఒకటి జడలో గుచ్చుకుని పోతా కనిపించింది.
దాన్ని లెక్కలో కలుపుకున్నా.

లైట్లు ఆర్పేటప్పుడు పెంచలయ్య వచ్చాడు:
"ఒంగోలుకి ఇంకో మూడొందలు కావాలక్కా. అదే రేటు గదా?"

గోతం మడిచి చంకన పెట్టుకున్నా.
"ఇంటికి తీసకపొయ్యే ఫోర్కయితే ఏడే.
పారేసేదయితే పన్నెండు."

అతను తల గోక్కున్నాడు.
బల్ల మీద, పిండి చల్లిన గుడ్డలో,
రేపటి చెవులు ఆరతా ఉండాయి.