సగం వెలుగు

ఫ్యాన్ ఆపేశాను. కిటికీకి నల్లగుడ్డ కట్టాను.
గదిలో గాలి కుదురుకోవడానికి పది నిమిషాలు.
కరకంబాడి రోడ్డు మీద లారీ పోతే చాలు
అద్దం వణుకుతుంది,
తెరమీది వెలుగు బిళ్ళ
జ్వరం తగిలినట్టు ఊగుతుంది.
మళ్ళీ పది నిమిషాలు.

పెద్ద ల్యాబుల్లో అయితే
గాలిలో సన్నటి పొడి చల్లి, లేజరును రేకులా పరిచి,
రెండు మెరుపుల నడుమ
ఏ రేణువు ఎంత జరిగిందో కొలుస్తారు.
మా లేజరు ఇంకా టెండరులో ఉంది.
నాకున్నదల్లా ఒక గుంట అద్దం,
సూదితో పొడిచిన రేకు వెనక చిన్న దీపం,
వెలుగంతా తిరిగొచ్చి చుక్కగా కూడేచోట
మూలకొట్లో కొన్న గడ్డం బ్లేడు.

ఆ బ్లేడుతో వెలుగును సగం కోస్తే
అప్పుడు కనబడుతుంది గాలి.
వేడికి పలచబడ్డచోట దారి తప్పిన కిరణం
అంచు తగిలి చస్తుంది, లేదా తప్పించుకుంటుంది.
చచ్చినచోట నలుపు.
కొవ్వొత్తి నెత్తిన ఇంత పొడుగు జడ ఉందని
కరెంటు పోయిన రాత్రుల్లో వెలిగించుకున్న వాళ్ళెవరికీ తెలీదు.
జానెడు దాకా నున్నగా లేస్తుంది.
ఆపైన ఏమవుతుందో ఏమో,
పాయలో పాయ, సుడిలో సుడి,
అక్కడే నా సమీకరణాలు చేతులెత్తేస్తాయి.

మూడు రోజులుగా ఆ జడ ఎడమకు వాలుతోంది.
అద్దాన్ని తిట్టాను, కెమెరాను తిట్టాను,
గైడుగారికి 'అల్లకల్లోల ప్రవాహం' అని రాసి పంపాను.

చెంగల్రాయుడు తిరుపతి వచ్చింది కంటి ఆసుపత్రికి.
పెనుమూరు పక్కన బెల్లం గానుగలో
ముప్పై ఏళ్ళుగా పొయ్యిలోకి పిప్పి ఎగదోసే మనిషి.
పోయిన మాఘంలో ఆ పొయ్యి కొలవబోయి
నేను థర్మోకపుల్ కాల్చుకుంటే,
మంట రంగు చూసి "ఇంకా రెండు చేతుల పిప్పి" అన్నాడు.
పాకం సరిగ్గా అక్కడే దిగింది.
ఇప్పుడు కుడికంట శుక్లం. టోకెను మధ్యాహ్నానికి.

తెరను ఒంటికంటితో చూశాడు, చాలాసేపు.
"యాడో సందుండాది పాపా.
కుడిపక్క నించి గాలి దొంగగా వస్తా ఉండాది."
లేచి వెళ్ళి తలుపు కింద
భుజం మీది తువ్వాలు కుక్కాడు.

జడ నిలబడింది.

కొవ్వొత్తి తీసేసి ఆయన్ని చెయ్యి పెట్టమన్నాను.
కాయలు కాచిన అయిదు వేళ్ళ మీంచి
అయిదు సన్నటి ఏర్లు పైకి పారాయి.
"ఇదంతా నాదేనా?"
చెయ్యి తీశాక కూడా రవ్వంతసేపు
గాలిలో ఉంది దాని ఆనవాలు.
సెకనుకు వెయ్యి బొమ్మల చొప్పున దాచాను.
ఫైలుకు ఏం పేరు పెట్టాలో తోచక తేదీ వేశాను.

నెల దాటాక ఫోను. వెనక గానుగ రొద.
"కన్ను బాగుండాది పాపా.
లోకానికి సున్నం కొట్టినట్టుండాది.
మంటే తెలీలేదు. అంతా ఒకటే వెలుగు.
నిన్న ఒక కొప్పెర మాడిపోయింది."

బ్లేడు తీసేస్తే నా తెరమీద మిగిలేదీ అంతే,
గుండ్రటి ఉత్త తెలుపు.
ఆ మాట ఎలా చెప్పాలా అని తడుముకుంటుంటే
ఆయనే అన్నాడు:
"కుడికన్ను మూసుకుంటే
కొంచెం పట్టుబడతా ఉండాదిలే."

పొయ్యిలో పిప్పి పడిన చప్పుడు.
ఆగాడు.
చూస్తున్నట్టున్నాడు.

ఇంకొక చేయి.