నాలుగువందల నలభైమూడో తలుపు

సజ్జ మీద, పచ్చడి జాడికీ
పాత కుంపటికీ నడుమ
మూత ఊడిన ల్యాప్‌టాప్ ఒకటి.
కొత్తవాడల మా ఇంట్ల రాత్రి
పండుకోనియి రెండే, అదీ నేనూ.

దాని కడుపుల పదకొండు వందల గళ్ల కాగితాలు.
మా చిన్నమ్మ కనకతార జంపఖానాలకు గీసినవి.
పెన్సిలు చుక్కలు, అంచుల లెక్కలు,
ఒక మూలకు, "ఎర్ర నూలు అయిపోయింది, మెరూన్ ఏసిన."
మగ్గం అమ్మిననాడు పొయ్యిల పెట్టమన్నది.
నేను జిరాక్సు షాపుల కూసొని
ఒక్కొక్కటి స్కాన్ చేసిన.

ఇంట్ల తెరిస్తే తెరుసుకుంటది,
మంచం మీద ఫోన్ల, ముందర్రల టీవీల.
గల్మ దాటి, వైఫై ఆపి
కిరాణం అరుగు మీద నిలబడి చూస్తే
తెల్ల తెర. ఒక చక్రం.
తిరిగి తిరిగి అదే సచ్చిపోతది.

ఒకటి తొమ్మిది రెండు, ఒకటి ఆరు ఎనిమిది...
అది ఇంట్ల పేరని ఆలస్యంగ తెలిసింది.
నలభై ఏండ్లొచ్చినా నన్ను ఇంట్ల బుడ్డోడనే అంటరు.
హన్మకొండ బస్టాండుల నిలబడి
"బుడ్డోడా" అని పిలిస్తే
వంద మంది తిరిగి చూస్తరు,
ఒక్కడు రాడు.

రౌటర్‌కు చెప్పిన:
నాలుగువందల నలభైమూడు అని అడుక్కుంట ఎవరొచ్చినా
సజ్జ మీదికి తోలు.
ఇంకేం అడిగినా ఇంట్ల ఎవరు లేరను.
రాసుకున్నది.
అరుగు మీద మల్లా తెల్ల తెర.

కేబుల్ మొగిలి వచ్చిండు, భుజాన నిచ్చెన.
"గల్లీకంత ఒకటే నంబరన్నా.
నలభై ఇండ్లకు బయటి దర్వాజ ఒక్కటి.
మీరు పోయొస్తే గుర్తువట్టి తీస్తది.
పిలవకుంట వచ్చినోన్ని ఏ ఇంటికి తోలాలె?
సొంత నంబరు గావాల్నంటే నెలకు రెండొందలు.
అయినా నీకెందుకే,
గల్లీల అందరు చూసేటోళ్లే గదా."

రెండొందలంటే నాకు వంద జిరాక్సులు.
ఇచ్చిన.

తాళం మాత్రం ఉచితంగనే దొరికింది,
మూడు నెలలకోపారి మార్చాల్నట.

రాత్రి పదకొండున్నర.
అరుగు మీద కుక్క లేచి, నన్ను చూసి, మల్లా పండింది.
పేరు కొట్టిన.
గళ్ల కాగితం కొద్దికొద్దిగ తేలింది,
పేక మీద పేక కొట్టుకుంట నేత పెరిగినట్టు.
మా సజ్జను నేను
బజార్ల నిలబడి చూసుడు అదే మొదలు.

తొమ్మిది నిమిషాలకు చుట్టాలు మొదలైనరు.
కాగితాలు ఎవరికీ పట్టలే.
అడ్మిన్ ఉన్నడా? రూట్ ఉన్నడా?
మీ పాస్‌వర్డు ఒకటి రెండు మూడు నాలుగేనా?
లేని కిటికీలు తట్టిన్రు,
లేని దొడ్డి తలుపు గుంజిన్రు.
ఊరు పేరు లేని యంత్రాలు,
తెల్లారేసరికి నాలుగు వేలు.

మన కోట కట్టినోళ్లు గవినిని సక్కగ పెట్టలే,
వంకర తిప్పిన్రు.
ఉరికొచ్చేటోడు ఆడ మలుపుల ఆగాల్నని.
నేను గూడ తిప్పిన.
మూడుసార్లు తప్పు తాళం పెట్టినోన్ని
గంటసేపు బయట నిలబెట్టమన్న.

"ఎవరన్న వచ్చిన్రార?" అన్నది చిన్నమ్మ.
"దొంగలే వచ్చిన్రు."
"మంచిదే. మనింట్ల ఏమో ఉన్నదనుకుంటున్నరు."

ఆరో రోజు, ఆ తట్టుళ్ల నడుమ
ఒక్క వరుస వేరే తీరు.
ఎవరో ఫోన్ల మూడు వందల పన్నెండో కాగితం తెరిచిన్రు.
పెద్దగ చేసిన్రు. పోయిన్రు.
గంటకు మల్లా వచ్చిన్రు, మల్లా అదే.
ఎర్ర నూలు అయిపోయిన కాగితం.

చదివి చెప్పిన.
చిన్నమ్మ అద్దాలు తుడుసుకున్నది.
"మెరూన్ కుదిరిందా లేదా అడుగు."
"అడగరాదు చిన్నమ్మా. అది ఉత్త తలుపు."
"తలుపు పెట్టినోనివి
ముందట ఒక అరుగెయ్యవార?"

ఏం జెప్పాల్నో అనుకుంటుండంగనే
కరెంటు పోయింది.