నూట అరవై రెండు మెట్లు

నడుం నొప్పి అని చెప్పాను నీవియాకి.
మూడేళ్లుగా అదే అబద్ధం.
ఆమె, పాపం, కర్పూరం నూనె రుద్దుతూనే ఉంది
నొప్పి లేని చోట.

వల్పరాయిసోలో కొండబండి నడుపుతాను నేను.
ఒక పెట్టె పైకెళ్తుంటే ఇంకొకటి కిందికి.
పొద్దుగూకే దాకా బ్రేకు లాగాలి,
కూర్చునే లాగాలి.
కూర్చోవడమే కదా నా రోగం.

ఎడమ బీజంలో ఒక పంటినొప్పి.
ఇంతకన్నా సరిగ్గా చెప్పలేను.
రాత్రి పక్కకి ఒత్తిగిలితే
ఎవరో పొట్టలోంచి గుంజినట్టు.

చెబితే మానం, చెప్పకపోతే ప్రాణం అంటారు.
ప్రాణమేం పోలేదు నాకు.
అదే చిక్కు.

మొదటి డాక్టరు తలెత్తకుండా మాత్రలు రాశాడు,
రెండు వారాలు, మళ్లీ రెండు వారాలు.
రెండో ఆయన చల్లటి జెల్ పూసి స్కాన్ తీశాడు.
గడ్డ లేదు, మెలిక లేదు, నీరు లేదు,
అంతా బాగుందని కాగితం చేతిలో పెట్టాడు.
దాన్ని మడిచి జేబులో దోపుకుని
కాళ్లు ఎడం చేసుకుని మెట్లు దిగాను
అంతా బాగున్నవాడిలా.

మూడో ఆవిడ ఓయార్సున్. నా కూతురి వయసు.
పారిపోదామనుకున్నాను.
కుర్చీ దగ్గరికి లాక్కుని అడిగింది:
ఎప్పటినుంచి? మూత్రానికి వెళ్తేనా? బరువెత్తితేనా?
భార్యతో ఉన్నప్పుడు?
పాత ఆపరేషన్లు? దెబ్బలు?
వెన్ను వంచింది, తుంటి తిప్పింది.
ఆమె అడగని ప్రశ్న ఒక్కటీ మిగలక
నా సిగ్గుకి ఏం చేయాలో తోచలేదు.

"నీ బండికి ఉన్నట్టే దానికీ ఒక తాడుంది" అంది.
గజ్జలో ఆ తాడు పక్కన సూది.
"ఇది మందు కాదు, ప్రశ్న.
నొప్పి ఈ దారినే వస్తోందా అని."

పది నిమిషాలు.
గోడగడియారం చప్పుడు వినపడింది.
అప్పటిదాకా ఆ గదిలో గడియారం ఉందని తెలీదు.

ఆ మధ్యాహ్నం బండెక్కలేదు.
పక్కనున్న మెట్లెక్కాను, నూట అరవై రెండు.
తొంభయ్యో మెట్టు మీద
కావాలనే కూర్చున్నాను.
రాయి చల్లగా ఉంది.
చల్లగా మాత్రమే ఉంది.

రాత్రి తొమ్మిదికి తిరిగొచ్చింది,
తాళంచెవి దాచుకున్న అద్దెవాడిలా.
కానీ ఏ తలుపులోంచి వచ్చిందో ఈసారి చూశాను.

ఏప్రిల్లో ఆపరేషన్.
మైక్రోస్కోపు కింద సన్నని నరాలు తెంచుతారట.
పూర్తిగా పోతుందని ఆమె ఒట్టేయలేదు.
సగం తగ్గితే సగమే కదా, అన్నాను.
"సగం చాలా పెద్దది" అంది.

నీవియా నూనెసీసా తెచ్చింది.
నడుం కాదు, అన్నాను. చెప్పాను.
ఆమె మూత బిగించింది,
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత,
"మూడేళ్ల నూనె" అంది.