రంగు లింకులు

కోరియోలో జూలై పొద్దు తడి గోనెసంచిలా ఉంటుంది.
ఆ చలిలో తాళం తిప్పితే
మూడు సెకన్లు, సరిగ్గా మూడే,
రేకు డబ్బాలో మేకులేసి ఎవరో ఊపినట్టు చప్పుడు.
ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు నడిచేది బండి.

టైమింగ్ చైను సాగింది అన్నాడు వర్క్‌షాపు కుర్రాడు.
నాలుగు వేల డాలర్లన్నాడు.
బండిని అమ్మినా మూడు రావు.

పక్కింటి మిర్కో
ఇంజిన్ల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళు నిలబడ్డవాడు.
ఫ్యాక్టరీ మూతపడింది. చేతులకి వణుకు వచ్చింది.
గోడ మీంచి నా మొహం చూసి అన్నాడు:
"నాకు పని తెలుసు. నీకు చేతులున్నాయి."

నా చేతులు రోజుకి నలభై మందికి రక్తం తీస్తాయి.
కంటికి ఆనని నరాన్ని వేలికొసతో వెతుకుతాయి.
అంతవరకే వాటి చదువు.

శనివారం. షట్టరు సగం ఎత్తిన గ్యారేజీ.
బోర్లించిన పాల క్రేటు మీద మిర్కో,
ల్యాబు నుంచి తెచ్చుకున్న నీలం గ్లౌజుల్లో నేను.
విప్పిన బోల్టులకి గిన్నెలు చాలక
ఇడ్లీ రేకులు తెచ్చాను.
పొట్టివి పై రేకులో, పొడుగువి కింద.
మధ్యాహ్నానికి పదహారు గుంటలూ నిండాయి.

క్రాంకు పుల్లీ బోల్టు ఒక్కటీ మొండికేసింది.
రెంచీకి గొట్టం తొడిగి నా బరువంతా వేసి వేలాడాను.
వేలాడుతూనే ఉన్నాను.
మిర్కో తన భాషలో ఏదో అన్నాడు, తిట్టో ప్రార్థనో.
ఠప్పుమంది.
మోకాలు నేలకి కొట్టుకుంది, నవ్వొచ్చింది.

పాత చైనునీ కొత్తదాన్నీ
బట్టల తీగ మీద పక్కపక్కన వేలాడదీశాం.
తేడా మినపగింజంత.
ఇంతోటి దానికా, అన్నాను.
"ఒక్కో లింకూ వెంట్రుకలో వెంట్రుకంతే అరిగింది,
ఏ ఒక్కదాన్నీ తప్పు పట్టలేం" అన్నాడతను.

కొత్తదానికి మూడు రంగు లింకులు.
పైన రెండు చక్రాల చుక్కల మీద రెండు,
కింద క్రాంకు చుక్క మీద ఒకటి.
ఊపిరి బిగబట్టి కూర్చోబెట్టాను.
టెన్షనరు పిన్ను లాగింది కూడా నేనే,
అతను లాగబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాక.

"ఇప్పుడు చేత్తో రెండు చుట్లు తిప్పు. నిదానంగా.
ఎక్కడైనా అడ్డం తగిలితే ఆగిపో."
తిప్పాను. ఏదీ తగల్లేదు.
కానీ చూద్దును కదా,
రంగు లింకులు ఎక్కడికో పోయాయి!
ఒకటి పక్కకి జారింది, ఒకటి అసలు కనబడదు.
నాలుగు గంటల పని నీళ్ళపాలు అనుకున్నాను.
గ్లౌజు లోపల అరచెయ్యి చెమటపట్టింది.

మిర్కో కదల్లేదు.
"చుక్కలు చూడు, లింకుల్ని కాదు."
చుక్కలు ఉన్నచోటే ఉన్నాయి, బుద్ధిగా.
"లింకులు మళ్ళీ అక్కడికే రావాలంటే ఎన్ని చుట్లు తిరగాలో.
అది ఎవరూ లెక్కపెట్టరు."
బాసికాల్లాంటివన్నమాట, అనుకున్నాను.
ఆ పూటకే.
అతనికి చెప్పలేకపోయాను ఆ మాట,
చెప్పాలంటే చాలా చెప్పాలి.

చీకటి పడేదాకా టార్క్ రెంచి టిక్కు, టిక్కు.
మూతకి రాసిన సిలికాన్ ఆరాలని రాత్రంతా వదిలేశాం.
రాత్రంతా కలలో బోల్టులు లెక్కపెట్టాను.

ఆదివారం పొద్దున్నే మిర్కో చెవి మిషను తీసి జేబులో వేసుకున్నాడు.
పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజిను మీద ఆనించి
పిడిని చెవి వెనకాల ఎముకకి అదిమాడు.
తాళం తిప్పాను.
ఒకటి.
రెండు.
మూడు.

చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు.
ఇంజిను వణుకులో అతని చేతి వణుకు కలిసిపోయి
ఏది ఎవరిదో తెలియలేదు.

రేకులు మూడుసార్లు తోమాను.
అయినా సోమవారం మొదటి వాయిలో
లీలగా ఇంజినాయిలు వాసన.
మిర్కో నాలుగు తిన్నాడు.
చట్నీ కారమన్నాడు.